దొర గిన్నెలో సగం

మా కుక్క పేరు దొర. ఆ పేరు మేం పెట్టలేదు, దాని నడవడి చూసి అదే వచ్చి అతుక్కుంది. పిలిస్తే రాదు, తనకు రావాలనిపిస్తే వస్తుంది. సోఫాలో మనిషి కూర్చుని ఉంటే ఎదురుగా నిలబడి, లేచి చోటిచ్చేదాకా చూస్తుంది. తిండి దగ్గర మరీ దొరతనం. గిన్నె పెట్టి వెళ్ళిపోతే ముట్టదు. పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చుని "తిను నాన్నా, ఒక్క ముద్ద" అని బతిమాలాలి. ఏళ్ళ తరబడి ఆ బతిమాలే ఉద్యోగం మా ఆయనది.

మా ఆయన అని అలవాటుకొద్దీ అనేస్తున్నాను. ఈ కథ జరిగేనాటికి ఆయన వాళ్ళమ్మ ఇంట్లో ఉంటున్నాడు, నేను మా ఇంట్లో ఉంటున్నాను. పదిమందికి చెప్పుకోదగ్గ కారణం కూడా లేదు. నాకు ముక్కు మీద కోపం, ఆయనకు మూతి మీద తాళం. నేను పది మాటలంటే ఆయన ఒక్కటీ అనడు. ఆ ఒక్కటీ అనలేదని నేను ఇంకో పది అంటాను. వంటింటి కుళాయికి రబ్బరు మార్చమంటే మార్చలేదని ఒకరోజు మొదలుపెట్టి, పెళ్ళినాటి సంగతులదాకా తవ్విపోశాను. అంతా విని, "కొన్నాళ్ళు అమ్మ దగ్గర ఉండొస్తా" అన్నాడు. "ఉండండి, ఎవరొద్దన్నారు" అన్నాను. వెళ్ళేముందు కుళాయి రబ్బరు మార్చి మరీ వెళ్ళాడు. దానికి కూడా నాకు కోపమొచ్చింది.

ఆ కొన్నాళ్ళు అలా సాగుతూనే ఉన్నాయి. దొర కూడా ఆయన వెంటే వెళ్ళిపోయింది. రమ్మని పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. వస్తానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. సాయంత్రం నేను పనిచేసే దుకాణం నుంచి ఇంటికొస్తే గుమ్మంలో నా చెప్పులు ఒక్క జతే ఉండేవి. ఆ జతను చూడబుద్ధి కాక లోపలికి తెచ్చి పెట్టుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున మా అత్తగారు ఫోన్ చేసింది. దొర ఎప్పటిలా నడవా మధ్యలో పడుకుని ఉంటే ఆవిడ చూసుకోక తట్టుకుని పడిందట. మణికట్టు విరిగి కట్టు వేశారు.

"అమ్మాయ్, వచ్చి నీ కుక్కని తీసుకుపో" అంది.

"నా కుక్కేమిటి అత్తయ్యా? మీ అబ్బాయిగారి కుక్క."

"వాడు నీ మొగుడు, అది నీ కుక్క. ఒకణ్ణి ఎలాగో భరిస్తున్నాను. రెండోది నా వల్ల కాదు తల్లీ."

ఆ మధ్యాహ్నమే ఆయన దొరను తీసుకొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. జేబులో స్క్రూడ్రైవరు, గోళ్ళ సందుల్లో గ్రీజు, అదే మనిషి. కాస్త చిక్కాడనిపించింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "నీళ్ళు తెగ తాగుతున్నాడు. డాక్టరుకి చూపిస్తే మంచిది" అన్నాడు. దొరను ఆయన 'వాడు' అంటాడు, నేను 'అది' అంటాను. ఆ విషయం మీద కూడా మేం ఒకప్పుడు పోట్లాడుకున్నాం.

ఆయన లేకపోతే దొర డాక్టరమ్మ బల్ల ఎక్కదు కాబట్టి ఇద్దరమూ వెళ్ళాం. డాక్టరమ్మ రక్తం తీసి, పరీక్ష చేసి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని మమ్మల్ని చూసింది.

"వయసు మీద పడింది కదా, కిడ్నీలు అలిసిపోతున్నాయి. ఇప్పుడే భయపడక్కర్లేదు. కానీ తిండి మార్చాలి. ఇప్పుడేం పెడుతున్నారు?"

"అన్నంలో కోడి లివరు వేసి, క్యారెట్టు తురిమి, మెత్తగా ఉడకబెట్టి" అని మా ఆయన చెప్పాడు. ఇంట్లో నాతో అన్ని మాటలు ఒక్కసారిగా ఏనాడూ అనలేదు.

"మీరు ప్రేమగానే పెడుతున్నారు. కానీ ఆ లివరే దీనికి పడదు. భాస్వరం ఎక్కువ. కిడ్నీల కోసం చేసిన తిండి వేరే ఉంటుంది, అది తేండి. అయితే ఉన్నపళంగా మార్చొద్దు. మొదట పాతదే ఎక్కువ, కొత్తది కొంచెం. కడుపు కుదురుగా ఉంటే సగం సగం. తర్వాత కొత్తదే ఎక్కువ. వారం పది రోజుల్లో పూర్తిగా కొత్తది. మధ్యలో విరేచనాలైతే ఒక మెట్టు వెనక్కి దిగి, కుదుటపడ్డాక మళ్ళీ ఎక్కండి."

ఆ తిండి కొనడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. గోడ పొడుగునా బస్తాలే. ప్రతి బస్తా మీదా పెళ్ళిచూపులకు తయారైనట్టు నున్నగా దువ్విన కుక్క బొమ్మ. కొట్టువాడు అన్నిటికంటే పెద్ద బస్తా ముందుకు తోసి, "ఇది పెట్టండి మేడమ్, కుర్రకుక్కలా గెంతుతుంది" అన్నాడు. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే మనిషిని, సన్న అక్షరాలకు జడిసేదాన్ని కాదు. బస్తా తిప్పి వెనకవైపు చదివాను. గెంతడానికి కావలసినవన్నీ ఉన్నాయి గానీ, భాస్వరం దండిగా ఉంది. ఒక్కొక్కటే తిప్పి చదువుతుంటే కొట్టువాడికి విసుగొచ్చి వేరే బేరం చూసుకున్నాడు. చివరికి అడుగు అరలో, బొమ్మ కూడా లేని ఒక సాదా సంచి దొరికింది. డాక్టరమ్మ చెప్పినట్టు భాస్వరం తక్కువ, ఉప్పు తక్కువ, మాంసకృత్తులు మితంగా. దొరకు నచ్చుతుందో లేదోనని చిన్న సంచే తీసుకున్నాను.

కొత్త తిండి దొరికింది కానీ పాతదే దొరకలేదు. నేను వండిన అన్నం, లివరు దొర వాసన చూసి, మూతి తిప్పుకుని, నా మొహంలోకి జాలిగా చూసింది. రెండోసారి ఇంకా మెత్తగా వండాను. ఆసారి జాలి కూడా చూపించలేదు. చేసేది లేక ఆయనకు ఫోన్ చేశాను.

"మీ కుక్క నా వంట తినదట."

"నేను పొద్దున్నే డ్యూటీకి పోతూ డబ్బాలో తెచ్చిస్తా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. నాకు సంతోషం వేసింది. అది కుక్కకు తిండి దొరికినందుకు కాదని నాకు బాగా తెలుసు.

మర్నాటినుంచి ఆయన స్టీలు డబ్బాతో రావడం మొదలైంది. మొదటిరోజు గుమ్మంలోనే ఇచ్చి వెళ్ళబోతే దొర గిన్నె దగ్గర మొండికేసింది. బతిమాలే మనిషి కావాలిగా. ఆయన బూట్లు విప్పి లోపలికొచ్చి, వంటింటి గడప దగ్గర గొంతుక్కూర్చుని, వేళ్ళతో అన్నంలో కొత్త గింజలు కలిపి, "తిను నాన్నా" అన్నాడు. నేను గట్టుకు ఆనుకుని నిలబడ్డాను. ఆ మాట నాతో కాకపోయినా, ఆ గొంతు మా వంటింట్లో వినపడింది. గుమ్మంలో ఆయన బూట్లున్నాయి. నేను అనవసరంగా రెండుసార్లు గుమ్మందాకా వెళ్ళొచ్చాను.

రెండో రోజు టీ ఇచ్చాను. మూడో రోజునుంచి ఆయన వచ్చేవేళకు నైటీ మార్చుకుని, తల దువ్వుకుని ఉండేదాన్ని. కుక్కకు తిండి పెట్టడానికి ఇంత ముస్తాబేమిటని నన్ను నేనే తిట్టుకుంటూ జడ వేసుకునేదాన్ని. ఆయన టీ తాగుతూ ఏ మేడలో ఏ లిఫ్టు ఇరుక్కుందో చెప్పేవాడు. ఒక లావుపాటి లాయరుగారు లిఫ్టులో ఇరుక్కుని తలుపు తీసేదాకా లోపలినుంచి కేసు వేస్తానని అరుస్తూనే ఉన్నాడని చెబితే నవ్వాను. నేను నవ్వితే ఆయన తలెత్తి చూశాడు. చూసి, మళ్ళీ గిన్నెలోకి తల దించుకున్నాడు.

అయితే నాకు లెక్క అర్థమైంది. గిన్నెలో పాత తిండి ఉన్నన్నాళ్ళే ఆ మనిషి వస్తాడు. కొత్తది పెరిగేకొద్దీ డబ్బాతో పని తగ్గుతుంది. గిన్నె నిండా కొత్తదే అయిన రోజు ఆయన రాడు. ఉండిపొమ్మని ఒక్క మాట అంటే పోయేది. ఆ ఒక్క మాట తప్ప ప్రపంచంలో ఉన్న మాటలన్నీ నాకు వచ్చు.

దొర మొండికేస్తుందిలే, ఎటూ ఆలస్యమవుతుందని ధైర్యంగా ఉన్నాను. ఆ ద్రోహి ఏం చేసిందనుకున్నారు? సగం సగం కలిపిన రోజున గిన్నెలో మూతి పెట్టి, కొత్త గింజలు ఏరుకుని కరకరా నమిలేసి, లివరు అన్నం చివరికి తిన్నది. ఎన్నడూ లేనిది మూతి కూడా నాకింది. "వాడికి నచ్చింది" అన్నాడాయన నెమ్మదిగా. "అవును" అన్నాను. ఇద్దరి మొహాలూ చూస్తే పెంపుడు కుక్కకు ఒంట్లో బాగైందని ఎవరూ అనుకోరు.

ఆ సాయంత్రం ఆయనకు ఫోన్ చేశాను. "దొరకి కడుపు చెడింది" అన్నాను. దొర నా కాళ్ళ దగ్గర హాయిగా వెల్లకిలా పడుకుని ఉంది.

"అయ్యో. అయితే ఒక మెట్టు దిగుదాం" అన్నాడు.

దిగాం. మళ్ళీ ఎక్కాం. సగానికి వచ్చేసరికి మళ్ళీ కడుపు చెడిందన్నాను. ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. పైగా డబ్బా రోజురోజుకీ బరువెక్కసాగింది. నియమం ప్రకారం పాతది తగ్గాలి కదా, ఆయన తెచ్చేది మాత్రం పెరుగుతోంది. పైన అన్నం, అడుగున లివరు ముక్కలు దట్టంగా. నేను చూశాను. ఏమీ అనలేదు. నేను చూడటం ఆయనా చూశాడు. ఆయనా ఏమీ అనలేదు. ఇలా నెలపైన గడిచింది.

మళ్ళీ పరీక్షకు వెళ్ళాం. డాక్టరమ్మ దొరను తూకం మీద నిలబెట్టి, కాగితం చూసి, మళ్ళీ తూకం చూసింది.

"ఇప్పుడెంత కొత్తది పెడుతున్నారు?"

"సగం సగం" అన్నాను.

"ఇంకా సగమేనా?"

"విరేచనాలవుతున్నాయండీ. మీరు చెప్పినట్టే మెట్టు దిగుతున్నాం."

"విరేచనాలయ్యే కుక్క ఇంత బరువెలా పెరిగిందమ్మా?"

నాకు నోట మాట రాలేదు. నాకు, నోట మాట! అప్పుడు మా ఆయన దొర వీపు మీద చెయ్యి వేసి, "అయ్యాయండీ. నేను చూశాను" అన్నాడు.

ఆయన చూసే అవకాశమే లేదు. వచ్చేది పొద్దున, నేను చెప్పిన అబద్ధాలన్నీ సాయంత్రానివి. అంటే ఈ మనిషికి మొదటినుంచీ తెలుసు.

డాక్టరమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏమో, మీ ఇంటి సంగతి నాకు తెలీదు. దీని సంగతి చెబుతాను. కిడ్నీ పోయినసారికంటే దిగజారింది. ఆ లివరు ఇంకా పెడితే దీన్ని మీరే చేతులారా చంపుకున్నట్టవుతుంది. కొత్తది బాగా తింటోందంటున్నారుగా, ఇక పాతది ఆపేయండి."

బయటికొచ్చాక మెట్ల దగ్గర నిలబడ్డాం. దొర మా మధ్య కూర్చుని, పోయే బండ్లను చూస్తోంది. నా స్వార్థానికి నోరులేని దాని ఒళ్ళు గుల్ల చేశానని ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు గొంతు కరుకవుతుంది. నా ఖర్మ అది.

"రేపట్నుంచి డబ్బా తేవద్దు" అన్నాను.

అనవలసింది అది కాదు. డబ్బా వద్దుగానీ మీరు రండి అనాలి. సగం మాట బయటికొచ్చి, సగం లోపలే ఉండిపోయింది. ఆయన దొర తల నిమిరి, "సరే" అన్నాడు. ఆ సరేలో ఉన్నదంతా నాకు వినపడింది. అయినా నిలబడే ఉన్నాను, వెళ్తున్న మనిషి వీపు చూస్తూ.

మర్నాడు గిన్నె నిండా కొత్త తిండే పోశాను. బతిమాలడానికి గొంతుక్కూర్చున్నాను. నేను నోరు తెరిచేలోపే దొర సగం తినేసింది. ఆ తర్వాతా అంతే. గిన్నె కింద పెడితే చాలు, మనిషి ఉన్నా లేకపోయినా తినేస్తోంది. నీళ్ళు తాగడం తగ్గింది, ఒళ్ళు తేలికపడి మెట్లు చకచకా ఎక్కుతోంది. దొరకు బతిమాలే మనిషి అక్కర్లేదని తేలిపోయింది. అక్కరంతా నాకే.

పొద్దున ఆయన వచ్చే వేళకు మెలకువ వచ్చేసేది. టీ రెండు కప్పులకు నీళ్ళు పోసి, నాలిక కరుచుకుని, ఒక కప్పు వంచేసేదాన్ని. దుకాణంలో ఒక స్కూలు మాస్టారి కళ్ళజోడుకు కుడి అద్దం ఎడమకు, ఎడమది కుడికి బిగించాను. మాస్టారు పెట్టుకుని, "గోడ నా మీదికొస్తోందమ్మా" అంటే గానీ గమనించలేదు. మా యజమాని ముసలాయన నన్నేమీ అనకుండా, "సెలవు రేపా?" అని మాత్రం అడిగాడు.

సెలవు రోజున దొరకు గిన్నె పెట్టి, తలుపు తాళం వేసి, అడ్డదారిన నడుచుకుంటూ మా అత్తగారింటికి వెళ్ళాను. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. గుమ్మం చేరేసరికి అన్నీ ఎగిరిపోయాయి. కట్టు విప్పిన చేతిని ముడుస్తూ తెరుస్తూ అత్తగారు తలుపు తీసింది.

"ఏమిటే అమ్మాయ్, కుక్కకేమైనా అయిందా?"

"ఏం కాలేదు అత్తయ్యా. ఊరికే వచ్చాను. మీ అబ్బాయి ఉన్నారా?"

"వీడెక్కడ ఉంటాడు ఈ వేళప్పుడు? ఇందాకేగా డబ్బా పట్టుకుని మీ ఇంటికి బయల్దేరాడు. దారిలో ఎదురు పడలేదా?"

నేను అర్థంకాక చూశాను.

"పొద్దున్నే లేచి ఇల్లంతా లివరు కంపు కొట్టిస్తున్నాడు. ఒక్కరోజైనా మానరా అంటే, వాడు నాకోసం చూస్తుంటాడమ్మా అంటాడు. మీ కుక్క సేవ బాగానే చేయించుకుంటోంది తల్లీ."

మా కుక్క ఆ సేవ అందుకుని చాలా రోజులైందని ఆవిడకు చెప్పలేదు. "వెళ్ళొస్తాను" అని గబగబా మెట్లు దిగాను. ఎటు వెళ్ళి ఉంటాడో తోచక, ముందు ఇంటికి పోదామని బస్సెక్కాను.

మా వీధి చివర బస్టాపులో దిగాను. నేను దుకాణానికి రోజూ వెనక సందులోంచి పోతాను కాబట్టి ఆ స్టాపుతో నాకు పనుండదు. బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో డబ్బాతో. అక్కణ్ణుంచి మా ఇంటి వరండా, తలుపు కనిపిస్తాయి. అటే చూస్తున్నాడు. కాళ్ళ దగ్గర రెండు వీధికుక్కలు ఎంతో పరిచయస్తుల్లా ఆనుకుని పడుకున్నాయి. రెండూ నున్నగా, గుమ్మటాల్లా తయారై ఉన్నాయి. డాక్టరమ్మ చూస్తే ఈసారి తూకం కూడా అడగదు.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఉలిక్కిపడ్డాడు. దొరికిపోయిన వాడిలా డబ్బా అటు పక్కకు జరిపాడు.

"వాడు తింటున్నాడా?" అన్నాడు.

"తింటోంది. శుభ్రంగా. బతిమాలక్కర్లేదు."

"మంచిదే."

"మరి ఇది ఎందుకు వండుతున్నారు?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మునుపైతే ఆ కాస్త వ్యవధిలో నేను పది మాటలు కుక్కేసేదాన్ని. ఆ రోజు కూర్చున్నాను. ఈ మనిషికి మాట రావడానికి ఇంతసేపు పడుతుందని, ఇన్నేళ్ళలో ఎన్నడూ అంతసేపు నేను ఆగలేదని అప్పుడు తెలిసింది.

"చేతిలో డబ్బా లేకపోతే" అన్నాడు చివరికి, "ఈ వైపు రావడానికి కాళ్ళు రావట్లేదు. ఉన్నా కూడా ఇక్కడిదాకానే వస్తున్నాయి."

ఆయన చెయ్యి బల్ల మీద నా చేతి పక్కనే ఉంది, గోళ్ళ సందుల్లో అదే గ్రీజు. అన్నాళ్ళూ ఒకే వీధిలో, ఈ చివర ఆయన, ఆ చివర నేను కూర్చుని ఎదురుచూశామన్నమాట.

"రేపు డబ్బా లేకుండా రండి" అన్నాను.

"దేనికి?"

నాలిక చివరిదాకా ఒక పుల్లవిరుపు మాట వచ్చింది. దేనికంటారేమిటి, అదీ నేనే చెప్పాలా అని. మింగేశాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తుడుచుకోలేదు.

"నా కోసం."

బస్సొకటి వచ్చి ఆగింది. డ్రైవరు మావైపు చూశాడు. ఇద్దరమూ లేవకపోయేసరికి వెళ్ళిపోయాడు. ఆయన డబ్బా మూత ఒకసారి నొక్కి, నావైపు తిరిగాడు.

"ఎన్నింటికి?" అన్నాడు.